పడమటి చివర ఎర్ర చుక్క

1931 సెప్టెంబర్ 7, సోమవారం. లియాన్

ఈ పుస్తకం అచ్చాఫీసులో రంగుల పాళ్ళు రాసుకోమని ఇచ్చింది. రంగుల పాళ్ళు నాకు నోటికొచ్చు. నా భార్య క్లెమాన్స్ పోయాక ఇంట్లో మాట్లాడడానికి మా అమ్మాయి ఎలియెట్ ఉండేది. మార్చి నుంచి అదీ లేదు. మనసులో మాట ఎవరితో చెప్పుకోవాలి, పిల్లితోనా? ఆ పిల్లి కూడా పక్కింటివాళ్ళది. అందుకని రాస్తున్నాను.

నిన్న మోంతెర్నీ వెళ్ళొచ్చాను. శనివారం పని దిగగానే రైలు, తెల్లారాక కొండ మీదికి బస్సు, నాలుగు గంటలు పిల్ల దగ్గర, మళ్ళీ బస్సు, మళ్ళీ రైలు. క్షయ రోగుల శానిటోరియంలో నెలకి ఒక్క ఆదివారమే చూడనిస్తారు. ఎలియెట్ నాలుగు వందల గ్రాములు పెరిగిందట. తనే చెప్పింది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. ఇరవై ఎనిమిదేళ్ళుగా రంగుల మధ్య బతుకుతున్నవాణ్ణి, ఎరుపంటే ఏమిటో నాకొకరు చెప్పాలా? ఒంట్లో సత్తువ వస్తే వచ్చే ఎరుపే అది.

వచ్చేటప్పుడు డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి ఏదో చెప్పాడు. కుర్రాడు, ముప్పై కూడా ఉండవు. అదంతా ఇక్కడ రాయను.

సెప్టెంబర్ 10

ఎలియెట్‌కి ఉత్తరం వేశాను. వానల గురించి రాశాను. ఇంకేం రాయాలో తోచలేదు.

సెప్టెంబర్ 15

ఇవాళ ఓ విచిత్రం జరిగింది. మా యజమాని బార్బెజా గారు పారిస్ నుంచి వచ్చిన కాగితపు చుట్ట ఒకటి నా బల్ల మీద విప్పారు. రైల్వే కంపెనీ వాళ్ళ చలికాలం పోస్టరు. ఎవరో పేరున్న చిత్రకారుడు వేశాడట. నీలాకాశం, మూడు శిఖరాలు, మంచు వాలు మీద స్కీలు తొడుక్కుని పసుపు స్వెట్టరులో ఒక పిల్ల. కింద పెద్దక్షరాలతో మోంతెర్నీ అని ఊరి పేరు. ఆ పిల్ల వెనకాల, వాలు పైన, నాలుగు వరసల బాల్కనీలతో పొడవాటి మేడ.

ఆ మేడ శానిటోరియం.

ఆ మహానుభావుడు దాన్ని పెద్ద హోటలనుకున్నాడు. పైన జెండా కూడా ఎగరేశాడు. బాల్కనీల్లో మంచాలేసుకుని ఎండకి పడుకున్న వాళ్ళని చూసి, డబ్బున్న వాళ్ళు ఎంత హాయిగా ఉన్నారో అనుకుని ఉంటాడు. బార్బెజా గారికీ తెలియదు. ఏం ఆంసెల్మ్, ఎన్ని అచ్చురాళ్ళు పడతాయి అని అడిగారు. ఎనిమిది అన్నాను.

అచ్చాఫీసులో ఎవరికీ ఎలియెట్ సంగతి చెప్పలేదు. గ్రెనోబుల్‌లో మా చెల్లెలి దగ్గర కుట్టుపని నేర్చుకుంటోందన్నాను. క్షయ అంటే మనుషులు ఎలా తప్పుకుంటారో నేను చూశాను. రాళ్ళ మీద అక్షరాలు రాసే ముసలి లాకొంబ్ భార్యకి ఆ జబ్బని తెలిసిన మర్నాటి నుంచి అతను మధ్యాహ్నం ఒక్కడే కూర్చుని తిన్నాడు. ఆ ఏడాదే మానేసి వెళ్ళిపోయాడు. అప్పుడు అతని బల్ల దగ్గర నుంచి లేచిపోయిన వాళ్ళలో నేనూ ఉన్నాను.

సెప్టెంబర్ 16

పని మొదలుపెట్టాను. ఒక్కో రంగుకి ఒక్కో రాయి. ఎదురుగా అద్దం, అద్దంలో చిత్రకారుడి బొమ్మ, దాన్ని చూస్తూ రాయి మీద నల్ల మైనంతో గీయడం. ఎలియెట్ చిన్నప్పుడు నా పక్కన స్టూలెక్కి కూర్చుని, నువ్వెందుకు నాన్నా అన్నీ తిరగేసి గీస్తావు అని అడిగేది. రాయి మీద కుడి ఎడమైతేనే కాగితం మీద సరిగ్గా పడుతుందమ్మా అంటే, అబద్ధం అబద్ధం అని నా చెవి పట్టుకుని లాగేది.

మంచుకి రంగు లేదు. మంచున్న చోట ఏ రాయి మీదా ఏమీ గీయను. వట్టి కాగితమే మంచు. చూసేవాళ్ళు మాత్రం ఎంత బాగా వేశారండీ మంచు అంటారు.

అచ్చుయంత్రం నడిపే మార్సియల్ వచ్చి తొంగి చూశాడు. ఇలాంటి హోటల్లో ఒక్క వారం ఉంటే చాలన్నా, నా మోకాళ్ళ నొప్పులు పోతాయి అన్నాడు. ఎలియెట్ ఎలా ఉందని కూడా అడిగాడు. బాగుంది, మొన్న ఎవరి పెళ్ళి గౌనో కుట్టిందట అన్నాను. అబద్ధం అంత చక్కగా వచ్చేసరికి నాకే ఆశ్చర్యం వేసింది.

ఈ పోస్టరు సంగతి పిల్లకి రాశాను.

సెప్టెంబర్ 24

జవాబు వచ్చింది. మేడకి జెండా పెట్టిన సంగతి చెబితే వాళ్ళ అంతస్తంతా పడీపడీ నవ్వారట. నవ్వితే దగ్గొస్తుందని సిస్టర్ ఫిలొమెన్ కోప్పడిందట. ఆ తర్వాత ఇలా రాసింది:

‘నాన్నా, నన్నూ అందులో పెట్టవా? పై వరసలో తూర్పు చివర నుంచి మూడో బాల్కనీ నాది. అమ్మ అల్లిన ఎర్ర దుప్పటి కమ్మీ మీద వేసి ఉంటుంది. ఒక్క చుక్క చాలు. మనిద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. దేశంలో ఉన్న ప్రతి స్టేషన్లోనూ నేను ఉంటాను. నాకు తిరగడమంటే ఎంతిష్టమో నీకు తెలుసుగా.’

కింద ఇంకో నాలుగు మాటలు. పడమటి చివర ఉన్న గదుల పేరెత్తడానికే అక్కడ అందరూ భయపడతారు. అక్కడికి మార్చినవాళ్ళు మళ్ళీ భోజనాల గదిలో కనిపించరు. వీళ్ళ పక్క గది అమ్మాయిని పోయినవారం అటు మార్చారు. ఆమె మేజోళ్ళు ఇంకా వీళ్ళ వైపు తీగ మీదే ఆరుతున్నాయట. ఎవరూ తీయడం లేదట.

ఇలాంటివి రాయొద్దని చెప్పాలి. ఆ గదులతో మనకేం పని.

సెప్టెంబర్ 29

ఎర్ర రాయి పూర్తయింది. స్కీ పిల్ల టోపీ, ఊరి పేరులో అక్షరాల అంచులు, జెండా. అన్నీ అయ్యాక మార్సియల్ భోజనానికి వెళ్ళేదాకా ఆగాను. చిత్రకారుడి బొమ్మలో లేనిది గీయడం మా పనిలో పెద్ద తప్పు. తెలిస్తే ఉద్యోగం పోతుంది. పోతే పోనీ.

ఇది అద్దంలో చూడాల్సిన పని లేదు, ఆ బొమ్మలో లేదుగా. కళ్ళు మూసుకుంటే ఆ మేడ నా కళ్ళ ముందుంటుంది. ఆర్నెల్లుగా బస్సు దిగగానే తలెత్తి మొదట వెతికేది ఆ బాల్కనీనే. పై వరస, కుడి చివర నుంచి మూడోది. కలం కొసతో ఒక్క చుక్క పెట్టాను. ఇన్ని నెలల్లో ఇవాళే సంతోషంగా భోజనం చేశాను.

అక్టోబర్ 2

మొదటి ప్రూఫ్ తీశాం. ఎనిమిది రంగులూ చక్కగా ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. మార్సియల్ ఈల వేశాడు. నేను చుక్క కోసం చూశాను. పడింది. అంతే, కళ్ళు మసకబారాయి. ఎవరైనా చూస్తారని గబగబా చుట్టేశాను.

ఖరారు సంతకం పడకుండా ప్రూఫ్ బయటికి పోకూడదు. ఒకటి కోటులో దాచి తెచ్చాను. ఆదివారం ఎలియెట్‌కి చూపించాలి.

అక్టోబర్ 5

నిన్నటి సంగతి రాయాలి. ఎలా రాయాలో తెలియడం లేదు.

ఎలియెట్ బాల్కనీలో మంచం మీద ఉంది. చిక్కింది. అయినా ప్రూఫ్ చూడగానే చిన్నపిల్లలా చేతులు చాపింది. దుప్పటి మీద పరుచుకుని శిఖరాల పేర్లు ఒక్కొక్కటే చెప్పింది, జెండా చూసి నవ్వింది. తర్వాత పై వరస మీద వేలు పెట్టి, తూర్పు చివర నుంచి లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు. అక్కడేమీ లేదు. వేలు అలాగే జరుపుకుంటూ పోయింది. పడమటి చివర దాకా పోయి ఆగింది.

చుక్క అక్కడుంది. పడమటి చివర నుంచి మూడోది.

రాయి మీద కుడివైపు పెట్టాను, కాగితం మీద ఎడమవైపు పడింది. అంతే. మొదటి వారం పని నేర్చుకునేవాడు చేసే తప్పు.

ఎలియెట్ ఆ చుక్క మీద నుంచి వేలు తీయలేదు. తర్వాత తలెత్తకుండానే అంది:

‘అయితే డాక్టరు నీకూ చెప్పాడన్నమాట.’

ఏం చెప్పాడు, ఎవరు చెప్పారు, ఇది వట్టి పొరపాటు, అద్దం చూడకుండా గీశాను అని గడగడా వాగాను. రాయి మీద ఎలా తిరగబడుతుందో చేతులతో చూపించాను, అదేదో దానికి తెలియనట్టు. అది నా మొహం వంకే చూస్తోంది.

‘ఇరవై ఎనిమిదేళ్ళుగా ఒక్కసారి కూడా పొరపడలేదు. నా దగ్గరికొచ్చేసరికే పొరపడ్డావా నాన్నా?’

డాక్టరు నాకేమీ చెప్పలేదమ్మా, నువ్వు బరువు పెరుగుతున్నావు కదా, వసంతానికల్లా ఇంటికొచ్చేస్తావు అన్నాను. నవ్వుతూనే అన్నాను. సరేలే అని అది ప్రూఫ్ జాగ్రత్తగా చుట్టి నా చేతికిచ్చింది. తర్వాత మేం పక్కింటి పిల్లి గురించి మాట్లాడుకున్నాం. బస్సు టైమయ్యేదాకా పిల్లి గురించే.

అక్టోబర్ 6

అది పొరపాటే. ఎవరైనా చేస్తారు.

అక్టోబర్ 8

ఇరవై ఎనిమిదేళ్ళలో ఎవరైనా ఒక్కసారి చేస్తారు.

అక్టోబర్ 9

పొరపాటు సంగతి అలా ఉంచుదాం. నేను దానికి అబద్ధం చెప్పాను. అది అడిగింది చుక్క గురించి కాదు.

సెప్టెంబర్ ఆరున డాక్టరు వరండాలో చెప్పింది ఇదీ: ఎడమ ఊపిరితిత్తికి చేసిన వైద్యం పట్టలేదు, కుడిదానికీ పాకింది, క్రిస్మస్ దాటడం కష్టం. ఆ బుగ్గల ఎరుపు జ్వరం వల్ల వచ్చేదని కూడా చెప్పాడు. నేను అడక్కుండానే చెప్పాడు.

రాశాను కదా, ఇప్పుడేమైంది? ఏమీ కాలేదు. దీపం ఆర్పి పడుకుంటాను.

అక్టోబర్ 14

రైల్వే కంపెనీ మనిషి, మోంతెర్నీ హోటళ్ళ సంఘం పెద్ద మొలియె, ఇద్దరూ ప్రూఫ్ మీద సంతకం పెట్టడానికి వచ్చారు. మొలియె నిండుగా ఉన్న మనిషి, పెద్ద నోరు. చూడగానే మొహం మాడిపోయింది. మా ఊరికొచ్చి మా పరువు తీసే ఈ చిత్రకారుడెవరు అన్నాడు. బార్బెజా గారికి అర్థం కాలేదు. మొలియె వేలితో ఆ మేడ మీద టకటకా కొట్టాడు.

‘దగ్గుల మేడండీ ఇది! ఇది చూసినవాడు స్కీలు తెచ్చుకోడు, రుమాలు తెచ్చుకుంటాడు.’

రైల్వే ఆయన నవ్వాడు. బార్బెజా గారు నవ్వారు. మార్సియల్ నవ్వాడు.

నేనూ నవ్వాను.

ఎర్ర చుక్కని ఎవరూ చూడనేలేదు. మొత్తం మేడే తీసెయ్యమన్నారు. సోమవారానికల్లా కావాలట.

అక్టోబర్ 15

మేడ ఐదు రాళ్ళ మీదుంది. ఐదింటి మీదా గీకాను. సన్న కత్తితో, గీసినదాని కంటే ఒక్క పిసరు లోతుగా. ఎర్ర రాయి ఆఖరికి ఉంచుకున్నాను. మార్సియల్ వచ్చి, ఏంటన్నా ఒక్క చుక్క దగ్గర అరగంట కూర్చున్నావు అన్నాడు. కళ్ళు లాగుతున్నాయన్నాను. తర్వాత దాన్నీ గీకేశాను.

ఇప్పుడక్కడ వాలు మాత్రమే ఉంది, మంచు. బాగా కుదిరింది. ముందుకంటే బాగుందన్నారు బార్బెజా గారు.

అక్టోబర్ 20

సిస్టర్ ఫిలొమెన్ దగ్గర నుంచి నాలుగు ముక్కలు. ఎలియెట్‌ని పడమటి వైపు గదికి మార్చారు. మొదటి ఆదివారం దాకా ఆగకుండా రావచ్చు, నియమాలు అడ్డం రావు.

అక్కడ గాలి బాగా వస్తుందేమో. గాలి కోసమే మార్చి ఉంటారు.

అక్టోబర్ 21

బార్బెజా గారిని సెలవడిగాను. ఏం పనన్నారు. గ్రెనోబుల్‌లో చెల్లెలికి ఒంట్లో బాగాలేదన్నాను. సరే, కానీ మోంతెర్నీ పోస్టరు అచ్చయ్యేటప్పుడు రంగు చూడడానికి నువ్వుండాలి, శనివారం వెళ్ళు అన్నారు. సరేనన్నాను.

మూడు రోజులు. నా పిల్ల పడమటి చివర గదిలో పడుకుని ఉంది, నేనిక్కడ మంచు తెల్లగా పడుతోందో లేదో చూస్తున్నాను. ఎందుకు సరేనన్నాను? ఉద్యోగం పోతుందనా? కాదు. పోయి ఆ గది చూడాలంటే భయం. ఇంత పిరికివాణ్ణి నేను మరొకణ్ణి చూడలేదు.

అక్టోబర్ 25, ఆదివారం. మోంతెర్నీ

రొట్టెల కొట్టు వితంతువు ఇంట్లో గది తీసుకున్నాను. రాస్తున్నది ఇక్కడే.

కొండ మీద నిన్నటి నుంచి మంచు. బస్సు సగం దారిలో ఆగిపోతే మిగతాది నడిచాను. నేను వెళ్ళేసరికి సిస్టర్ ఫిలొమెన్ పిల్లకి చెంచాతో సూప్ పడుతోంది. నన్ను చూసి చెంచా నా చేతికిచ్చి వెళ్ళిపోయింది. మూడు వారాల్లో మనిషి ఇలా అయిపోతుందా. గొంతు పీలగా వస్తోంది, దగ్గరికి వంగితే గాని వినిపించదు.

మొదట పోస్టరు గురించే అడిగింది. అచ్చయిందా అంది. అయిందన్నాను.

‘మన మేడ ఉందా అందులో?’

ఉందమ్మా అనబోయాను. నాలుక చివర దాకా వచ్చింది. దేశమంతా తిరుగుతున్నావు పో అనేస్తే ఎంత సంతోషిస్తుంది. అది నా కళ్ళలోకి చూస్తోంది. ఆ చూపు అక్టోబర్ నాలుగున చూసిన చూపే.

‘లేదమ్మా. వద్దన్నారు. నేనే గీకేశాను, నా చేత్తోనే.’

కళ్ళు మూసుకుంది. చంపేశాననుకున్నాను. కాసేపటికి పెదాలు కదిలాయి. ఈ ఏడాదిలో నువ్వు నాకు చెప్పిన మొదటి నిజం ఇదే నాన్నా అంది.

ఇక ఆగలేకపోయాను. డాక్టరు సెప్టెంబర్లోనే చెప్పాడని, క్రిస్మస్ దాటదన్నాడని, మొన్న నేను అబద్ధమాడానని, మొత్తం చెప్పేశాను. ఏడుస్తూ చెప్పాను. చేతిలో చెంచా అలాగే ఉంది. అది నా చెయ్యి మీద చెయ్యి వేసింది. నాకు ఆగస్టులోనే చెప్పాడు, నేనే పట్టుబట్టి అడిగాను అంది. మరి నాలుగు వందల గ్రాములు? పెరగలేదట. తగ్గిందట. నీకు అన్నీ తిరగేసి చెప్పాను అని కొంచెం నవ్వబోయింది, దగ్గొచ్చింది. దగ్గు ఆగాక అంది:

‘నాకు చాలా భయంగా ఉంది నాన్నా.’

నాకూ భయంగానే ఉందన్నాను.

‘అయితే ఇంక వెళ్ళకు.’

అచ్చాఫీసుకి తంతి ఇచ్చాను. పోస్టాఫీసు అమ్మాయి మాటలు లెక్కపెట్టి పైకి చదివింది: కూతురు మోంతెర్నీ శానిటోరియంలో చావుబతుకుల్లో ఉంది, రాలేను. ఆ మాట ఇంకొకరి నోట వినడం ఇదే మొదలు.

అక్టోబర్ 28

రోజంతా దాని దగ్గరే. మాట్లాడే ఓపికున్నప్పుడు మాట్లాడుతుంది, లేనప్పుడు నేను మాట్లాడతాను. తన చలికాలం బూట్లు సిస్టర్ ఫిలొమెన్ మేనకోడలికి ఇమ్మంది. నీ కాలర్లు ఇంట్లో ఉతకొద్దు, చాకలికి వెయ్యి, నీ ఇస్త్రీ నేను చూశాను అంది. ఇలాంటివన్నీ మాట్లాడుకోవచ్చని నాకు తెలియనే తెలియదు.

ఇవాళ సాయంత్రం అడిగింది, అమ్మ పోయినప్పుడు నాకెందుకు చెప్పలేదు అని. పదేళ్ళయింది. ఒక్కసారి కూడా ఎత్తలేదు. అప్పుడు దానికి తొమ్మిదేళ్ళు. అమ్మ పుట్టింటికి వెళ్ళిందని చెప్పాను. పిల్లకి ఆ వయసులో ఎందుకు అనుకున్నాను. అసలు సంగతి, చెప్పడానికి నాకు నోరు రాలేదు.

‘పదకొండు రోజులు కిటికీ దగ్గర కూర్చున్నాను. ఆఖరికి పాల ఆవిడ చెప్పింది. చనిపోయిందని కాదు నాన్నా నాకు కోపం. నువ్వూ ఏడుస్తున్నావు, నేనూ ఏడుస్తున్నాను, వేరే వేరే గదుల్లో.’

నన్ను క్షమించమ్మా అన్నాను. ఇప్పుడు ఒకే గదిలో ఉన్నాంగా అంది. ఆ మాట అని నిద్రపోయింది. నేను మంచం కోడు పట్టుకుని కూర్చున్నాను.

నవంబర్ 1

ఇవాళ చనిపోయినవాళ్ళ పండగ. కింద ఊళ్ళో అందరూ చేమంతి కుండీలు పట్టుకుని శ్మశానానికి వెళుతున్నారు. క్లెమాన్స్ సమాధికి ఈ ఏడు పువ్వులు లేవు. వెళ్ళి రాకూడదా, అమ్మ ఏమనుకుంటుంది అంది ఎలియెట్. మీ అమ్మ నన్ను ఇక్కడుండమనే అంటుంది అన్నాను. కిటికీలోంచి ఆ కుండీలు చూస్తూ, నాకు మాత్రం తొందరపడి తేకు, చేమంతి వాసన నాకు పడదు అంది. ఇద్దరం నవ్వాం. సిస్టర్ ఫిలొమెన్ తలుపులో నిలబడి చూసి, ఈసారి కోప్పడలేదు.

నవంబర్ 2

నీళ్ళు కూడా దిగడం లేదు.

నవంబర్ 4

పొద్దున ఆరూ ఇరవైకి. చెయ్యి పట్టుకునే ఉన్నాను. నిద్రలో పోయిందని సిస్టర్ అందరికీ చెబుతోంది. నిద్రలో కాదు. నావంక చూస్తూ పోయింది.

నవంబర్ 6

ఇక్కడ శానిటోరియం నుంచి శవాలు హోటళ్ళ వీధిలో వెళ్ళకూడదట. ఊరి ఏర్పాటు. మొదటి బస్సు రాకముందే, హోటళ్ళలో దిగినవాళ్ళు లేవకముందే, కర్రమిల్లు వెనక దారిన తీసుకెళ్ళాలి. సిస్టర్ ఫిలొమెన్ సిగ్గుపడుతూ చెప్పింది. మోసేవాళ్ళు ఇద్దరు, ఫాదర్ ఒకరు, ఆమె, నేను. మంచులో బండి జారుతోంది. మిల్లు వెనక రంపపు పొట్టు గుట్టల మధ్య నుంచి నా బిడ్డని దొంగసరుకులా తీసుకెళ్ళారు.

నేను నోరెత్తలేదు. అది ఉంటే ఏమనేదో తెలుసు. అయినా ఎత్తలేదు. దాన్ని అక్కడే పూడ్చాం, లియాన్‌కి తీసుకెళ్ళనివ్వలేదు.

నవంబర్ 12. లియాన్

పనిలోకి వెళ్ళాను. తంతి సంగతి అందరికీ తెలుసు. బార్బెజా గారు నా భుజం మీద చెయ్యి వెయ్యబోయి, మళ్ళీ చేతులు వెనక్కి కట్టుకున్నారు. ముందే చెప్పి ఉంటే మేడ గీకడం ఇంకొకరికి ఇచ్చేవాణ్ణి కదయ్యా అన్నారు. ఇంకొకరైతే లోతుగా గీకేవారు, రాయి పాడయ్యేది అన్నాను. ఎందుకలా అన్నానో తెలియదు.

మధ్యాహ్నం ఇద్దరు లేచి పక్క బల్లకి మారారు. మార్సియల్ మారలేదు. కుర్చీ కొంచెం వెనక్కి జరిపాడు. మళ్ళీ ముందుకి జరుపుకుని, జున్ను కోసి నా పళ్ళెంలో పెట్టాడు. తినలేకపోయాను. తింటున్నట్టు కూర్చున్నాను.

నవంబర్ 19

ఏమీ లేదు రాయడానికి.

నవంబర్ 27

ఇంటికొచ్చి తలుపు తీసి, ఎలీ అని పిలిచాను. మార్చి నుంచి ఇంట్లో లేనిదాన్ని ఇవాళెందుకు పిలిచానో.

డిసెంబర్ 5, శనివారం

ఊరికే స్టేషన్‌కి వెళ్ళాను. ఎక్కడికీ వెళ్ళడానికి కాదు. పోస్టర్లు అతికించారని మార్సియల్ చెప్పాడు. నాలుగో ప్లాట్‌ఫారం గోడ మీద వరసగా ఆరు. ముందు కొంచెం దూరం నుంచి చూశాను. రంగులన్నీ కుదిరాయి. ఆకాశం కింద ఎక్కడా చిన్న మరక కూడా లేదు.

దగ్గరికి వెళ్ళేసరికి ఒక పోస్టరు ముందు ఒక జంట నిలబడి ఉంది. కొత్తగా పెళ్ళయినట్టున్నారు, ఆమె చేతితొడుగు మీద నుంచే కొత్త ఉంగరాన్ని తడుముకుంటోంది. క్రిస్మస్‌కి ఇక్కడికే వెళదాం, చూడు, ఒక్క ఇల్లు కూడా లేదు, ఎంత నిర్మలంగా ఉందో అంటోంది. అతను సామాను చూసుకుంటూ ఊఁ అంటున్నాడు. ఆమె నావైపు తిరిగి, మీరెప్పుడైనా వెళ్ళారా అండీ, ఎలా ఉంటుంది అని అడిగింది.

చాలా బాగుంటుందమ్మా అని పక్కకి తప్పుకోవచ్చు. తప్పుకుంటే ఎవరూ ఏమీ అనరు. నా కాళ్ళు తప్పుకోబోయాయి కూడా. కాగితం మీద ఆ తెల్లటి వాలు వంక చూశాను. దాని మీద వేలు పెట్టాను.

‘ఇక్కడ శానిటోరియం ఉందమ్మా. మా అమ్మాయి అందులో క్షయతో చనిపోయింది. పోయిన నెల నాలుగో తారీఖున. ఎలియెట్ దాని పేరు. పంతొమ్మిదేళ్ళు.’

అతను ఆమె మోచెయ్యి పట్టుకుని ఒక అడుగు వెనక్కి లాగాడు. ఆమె కదల్లేదు. చేతితొడుగు తీసేసి, వట్టి చేత్తో నా చెయ్యి పట్టుకుంది. తర్వాత మెల్లగా, అయితే మేం వెళ్ళకూడదా అని అడిగింది.

వెళ్ళండమ్మా, మంచి చోటే అన్నాను. అదీ అబద్ధం కాదు.